తప్పిపోయిన గొర్రె ఉపమానం - శిశుదశలో దైవప్రేమ బోధన: ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

దేవుడు అందరినీ ప్రేమిస్తాడన్న సామాన్యవాక్యం కంటె, తనను విడిగా గుర్తించి ప్రేమిస్తాడన్న భావం శిశువుకు చేరడం కష్టం. క్రైస్తవ బాలబోధనలో ఈ భావాన్ని చెప్పడానికి ఎక్కువగా ఎంచుకొనే కథ తప్పిపోయిన గొర్రె ఉపమానం. అయితే తెలుగులో ఈ ఉపమానానికి స్థిరపడిన పేరులోని ‘తప్పిపోవు’ అనే క్రియ, ‘తప్పు’ అనే నామంతో ఉన్న చుట్టరికం వల్ల, మూడు నుంచి ఆరేళ్ల పిల్లల మనసులో ప్రేమకథను శిక్షాకథగా మార్చే ప్రమాదం ఉంది. మూలభాషలోని క్రియారూపాలను, తెలుగు వాడుకను, శిశువికాస సిద్ధాంతాలను కలిపి చూసి, హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల పిల్లల అనుభవానికి తగిన బోధనాక్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉపమానం, శిశుబోధన, సండేస్కూలు, తప్పిపోవు, వాత్సల్యం, ఆబిడ్స్, నాంపల్లి.

1. ఉపోద్ఘాతం:

ఉపమానం అంటే తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని నిలిపి చూపడం. తెలిసినది వినేవారికి నిజంగా తెలిసినదై ఉంటేనే ఉపమానం పనిచేస్తుంది. మొదటి శతాబ్దపు పాలస్తీనాలో గొర్రెల కాపరి కంటిముందు కనిపించే మనిషి. నేటి హైదరాబాదు నడిబొడ్డున పెరిగే నాలుగేళ్ల పిల్లకు అతడు రంగుల బొమ్మలో కనిపించే గడ్డపు మనిషి మాత్రమే. ఈ దూరాన్ని దాటించే భారం బోధకుడిది. ఆ పనికి అతడి చేతిలో ఉన్న సాధనం భాష. ఆ భాషే అడ్డుపడే సందర్భం ఒకటి ఈ ఉపమానంలో ఉంది. దాన్ని గుర్తించడం భాషాశాస్త్ర విద్యార్థులకూ, అనువాద అధ్యయనకారులకూ, బాలసాహిత్య పరిశోధకులకూ ప్రయోజనకరం.

2. ప్రాంత నేపథ్యం:

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలు హైదరాబాదు క్రైస్తవ విద్యాచరిత్రలో ముఖ్యమైనవి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో మొదలైంది. గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ ఉన్నత పాఠశాల 1855లో, రోజరీ కాన్వెంట్ 1904లో ఏర్పడ్డాయి. లిటిల్ ఫ్లవర్ ఉన్నత పాఠశాల 1953 నాటిది. నాంపల్లికీ ఆబిడ్స్‌కూ నడుమ చాపెల్ రోడ్డు పేరే ప్రార్థనాలయాన్ని గుర్తుచేస్తుంది. మెథడిస్టు మిషన్ నుంచి వచ్చిన స్టాన్లీ బాలికల పాఠశాల ఆ రోడ్డు మీదే ఉంది. సెయింట్ జార్జ్ చర్చి, సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ ఈ పరిధిలోనే ఉన్నాయి.

ఈ ప్రాంతంలో ఉపమానం పిల్లలకు చేరే మార్గాలు స్థూలంగా మూడు. మొదటిది చర్చికి అనుబంధమైన సండేస్కూలు. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో నెలకొల్పిన ఆదివారపు బడుల ఉద్యమం ప్రపంచమంతటా వ్యాపించింది. 1876లో ఇండియా సండేస్కూల్ యూనియన్ ఏర్పడింది. రెండవది వేసవి సెలవుల్లో జరిగే వెకేషన్ బైబిల్ స్కూలు. మూడవది మిషన్ బడుల్లోని నీతిబోధ తరగతి. మొదటి రెండింటిలో వినేవారు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల పిల్లలు. మూడవ దానిలో హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, జైన కుటుంబాల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు ఇక్కడ సాధారణం.

3. ఉపమానం - రెండు రూపాలు:

ఈ ఉపమానం కొత్త నిబంధనలో రెండుచోట్ల ఉంది. లూకా సువార్త 15వ అధ్యాయంలో దీనికి సందర్భం పెద్దల సణుగుడు. సుంకరులతో, పాపులతో యేసు కలిసి భోజనం చేస్తున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు ఆక్షేపించినప్పుడు ఆయన చెప్పిన మూడు కథల్లో ఇది మొదటిది. తరువాతివి పోయిన నాణెం కథ, తప్పిపోయిన కుమారుడి కథ. కాపరి గొర్రె దొరికేవరకు వెతికి, భుజాల మీద వేసుకొని వచ్చి, స్నేహితులనూ పొరుగువారినీ పిలిచి సంతోషిస్తాడు. పరలోకంలో మారుమనస్సు పొందిన ఒక్క పాపి విషయమై కలిగే సంతోషంతో ఈ కథ ముగుస్తుంది.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో సందర్భం వేరు. పరలోకరాజ్యంలో గొప్పవాడెవడని శిష్యులు అడిగినప్పుడు యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి వారి మధ్య నిలబెడతాడు. ఆ ప్రసంగంలోనే గొర్రె కథ వస్తుంది. ఈ చిన్నవారిలో ఒక్కరైనా నశించడం తండ్రి చిత్తం కాదన్నది దాని ముగింపు. ‘చిన్నవారు’ అన్న మాటకు నిరాడంబరులైన విశ్వాసులని వ్యాఖ్యాతలు విస్తృతార్థం చెప్పినా, కథ జరిగే చోట ఒక బిడ్డ నిలబడి ఉండడం శిశుబోధనకు విస్మరించరాని అంశం.

4. ‘తప్పిపోవు’ - ‘పోగొట్టుకొను’ - ‘కనబడు’:

గ్రీకు మూలంలో లూకా మూడు కథలకూ ఒకే క్రియను, ‘అపోల్లుమి’ని, వేర్వేరు రూపాల్లో వాడాడు. గొర్రె కథ ఆరంభంలో ఆ క్రియకు కర్త గొర్రె కాదు, మనిషి. నూరు గొర్రెలున్న మనిషి వాటిలో ఒకదాన్ని పోగొట్టుకున్నాడన్నది అక్కడి వాక్యనిర్మాణం. నాణెం కథలోనూ పోగొట్టుకొన్నది స్త్రీయే. మత్తయి వాడిన క్రియ ‘ప్లనావో’. దారితప్పడం, తిరుగాడడం దాని అర్థం. అక్కడ కర్త గొర్రె.

ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు అనువాదం గొర్రె విషయంలో రెండు సువార్తల్లోనూ ‘తప్పిపోవు’ అనే వాడింది. కుమారుడికీ అదే క్రియ. నాణేనికి మాత్రం ‘పోగొట్టుకొను’ అని వాడింది. లూకాలో ఒకే క్రియ కలిపి ఉంచిన మూడు కథలు తెలుగులో రెండు క్రియల మధ్య విడిపోయాయి.

ఇందులో అనువాదకుల లోపం వెదకనవసరం లేదు. సొంతంగా కదిలే ప్రాణికి ‘తప్పిపోవు’, కదలలేని వస్తువుకు ‘పోగొట్టుకొను’ అనడం తెలుగు సహజ వాడుక. జాతరలో పిల్లవాడు తప్పిపోతాడు. బస్సులో పర్సు పోగొట్టుకొంటాం. పైగా ‘బిడ్డను పోగొట్టుకొన్న తల్లి’ అంటే తెలుగులో బిడ్డ మరణించిన తల్లి అని అర్థం. అందువల్ల ప్రాణంతో ఉన్న గొర్రె విషయంలో ఆ క్రియను తప్పించడం భాషామర్యాదకు తగినదే.

చిక్కు వినేవారి వయసుతో వస్తుంది. ‘తప్పు’ క్రియగా గురి, దారి, మాట, బాధ్యత వంటివాటి నుంచి తొలగిపోవడాన్ని చెబుతుంది. నామంగా దోషాన్ని చెబుతుంది. పెద్దలు సందర్భాన్ని బట్టి ఈ రెండింటినీ అప్రయత్నంగా వేరుచేసుకొంటారు. శిశువుకు ‘తప్పు’ అనేది ఇంట్లో మొట్టమొదట వినే నీతిపదాల్లో ఒకటి. గోడమీద గీసినా తప్పే, తమ్ముణ్ణి కొట్టినా తప్పే, చెప్పకుండా బయటికి వెళ్లినా తప్పే. ఈ పదంతో పెరిగిన బిడ్డ ‘తప్పిపోయిన గొర్రె’ను ‘తప్పు చేసిన గొర్రె’గా వినే అవకాశం బలంగా ఉంది. మాట వినని గొర్రె మందను విడిచి పారిపోయిందనీ, ముళ్లలో పడి ఏడ్చిందనీ బోధకులు అలవాటుగా చేర్చే కల్పనలు ఈ అర్థాన్ని గట్టిపరుస్తాయి. మూలకథలో గొర్రె మొండితనం ప్రస్తావన లేదు. ముళ్లు లేవు. అది ఎందుకు తప్పిపోయిందో రెండు సువార్తలూ చెప్పవు. ఈ మౌనాన్ని హెచ్చరికతో నింపినప్పుడు, వెతకడానికి వచ్చిన కాపరి బిడ్డ మనసులో బెత్తం పట్టుకొని వచ్చేవాడవుతాడు.

ఇంగ్లీషులో ‘లాస్ట్’ అన్న మాటకు దోషార్థంతో ఇటువంటి పదబంధుత్వం లేదు. కాబట్టి ఒకే ఆదివారం ఒకే చర్చి ఆవరణలో ఇంగ్లీషు తరగతి పిల్లలూ తెలుగు తరగతి పిల్లలూ వినే కథలకు వేర్వేరు ఛాయలు కలగడం అసంభవం కాదు.

దీనికి పరిష్కారం కూడా తెలుగులోనే ఉంది. పత్రికల్లోనూ రైల్వేస్టేషన్ గోడల మీదా ‘కనబడుటలేదు’ అన్న శీర్షికతో ప్రకటనలు కనిపిస్తాయి. వాటిలో వ్యక్తి పేరు, వయసు, ఎత్తు, చామనఛాయ, కట్టుకొన్న బట్టలు, పుట్టుమచ్చలు ఉంటాయి. ఆ ప్రకటన నేరాన్ని విచారించదు. ఫలానా ఒక్క మనిషి లేని లోటును మాత్రమే చెబుతుంది. ‘గొర్రె తప్పిపోయింది’ అన్న వాక్యంలో చర్య గొర్రెది. ‘కాపరికి గొర్రె కనబడలేదు’ అన్న వాక్యంలో అనుభవం కాపరిది. లూకా వాక్యనిర్మాణం ఉద్దేశించిన దృష్టి కూడా ఇదే. మరణార్థం రాకుండా, దోషార్థం తగలకుండా ఆ దృష్టిని నిలపగల తెలుగు క్రియ ‘కనబడు’.

5. శిశువు గ్రహణశక్తి - సిద్ధాంతాలు:

జీన్ పియాజె ప్రకారం రెండు నుంచి ఏడేళ్ల వయసు పూర్వప్రచాలక దశ. ఈ దశలో బిడ్డ కంటికి కనిపించే విషయాలతోనే ఆలోచిస్తుంది. ఒకదాన్ని మరొకదానికి సంకేతంగా ఉంచి తర్కించడం అప్పటికి కుదరదు. రోనాల్డ్ గోల్డ్‌మన్ 1964లో ప్రచురించిన పరిశోధనలో బైబిలు కథలను చాలా ముందుగా బోధించడం అపార్థాలకు దారితీస్తుందని వాదించాడు. జేమ్స్ ఫౌలర్ 1981లో ప్రతిపాదించిన విశ్వాసదశల్లో ఈ వయసు ఊహాచిత్రాలు ప్రధానమైన దశ. తర్కం కంటె చిత్రమే ఇక్కడ జీవితాంతం నిలిచే ముద్ర వేస్తుంది.

వీరికి భిన్నమైన అనుభవం సోఫియా కవల్లెత్తిది. ఆమె 1954లో రోము నగరంలో జియాన్నా గొబ్బీతో కలిసి మాంటిస్సోరి పద్ధతిలో శిశుబోధన ప్రారంభించింది. అది ‘మంచి కాపరి బోధన’గా ప్రసిద్ధికెక్కింది. ఆరేళ్లలోపు పిల్లలు కాపరి చిత్రంలో రక్షణనూ, తమను పేరుపెట్టి పిలిచే ప్రేమనూ చూస్తారనీ, క్షమాపణ అన్న నైతికార్థం తరువాతి వయసులో పలుకుతుందనీ ఆమె పరిశీలించింది. చెక్కతో చేసిన చిన్న దొడ్డి, గొర్రెలు, కాపరి బొమ్మలను పిల్లల చేతికిచ్చి, వివరణ తగ్గించి, మౌనానికి చోటిచ్చే పద్ధతి ఆమెది. ఈ పద్ధతికి ఆధారమైన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చిందన్నది ఈ సందర్భంలో స్మరణీయం.

గోల్డ్‌మన్ హెచ్చరికకూ కవల్లెత్తి అనుభవానికీ పొంతన కుదరనిదేమీ లేదు. శిశువు ఉపమానాన్ని ‘విప్పి’ చెప్పలేదు. కాని ఉపమానం లోపల నివసించగలదు. కాబట్టి గొర్రె అంటే ఎవరు, కాపరి అంటే ఎవరు అని అడిగి జవాబు రాబట్టడం ఈ వయసులో వ్యర్థం.

సంఖ్యల విషయం కూడా ఇటువంటిదే. నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం బిడ్డ ఒకటో తరగతి ముగిసేసరికి 99 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. నాలుగేళ్ల బిడ్డకు నూరు అంటే ‘చాలా’ అని మాత్రమే. తొంభై తొమ్మిదికీ నూటికీ తేడా అందదు. పది బొమ్మల్లో ఒక్కటి లేని ఖాళీ మాత్రం కంటికి అందుతుంది. లూకా నాణెం కథలో పది సంఖ్యనే వాడడం బోధకుడికి అనుకూలాంశం.

6. నగరబాలల అనుభవంలో గొర్రె, గుంపు:

గొర్రెల పెంపకం తెలంగాణలో గొల్ల, కురుమల జీవనాధారం. నల్ల ఉన్ని దక్కనీ గొర్రె, గొంగడి, ఒగ్గుకథ ఆ సంస్కృతిలో భాగాలు. నాంపల్లి బిడ్డకు ఈ ప్రపంచం దూరం. ఆమెకు గొర్రె కనిపించేది మాంసపు దుకాణం దగ్గర, లేదా బక్రీదుకు ముందు అమ్మకానికి తెచ్చిన మందలో. పెద్దల మాటల్లో ‘గొర్రె’ తెలివితక్కువతనానికి, ‘గొర్రెదాటు’ గుడ్డి అనుకరణకు గుర్తు. కాబట్టి ‘నువ్వే ఆ గొర్రెవు’ అన్న సమీకరణం ఆప్యాయంగా వినిపిస్తుందన్న భరోసా లేదు. గొర్రెదాటు అన్న జాతీయం గుంపునే చూస్తుంది, ఉపమానం గుంపులోని ఒక్కదాన్ని చూస్తుంది. ఈ వైరుద్ధ్యాన్ని పై తరగతుల్లో చర్చించవచ్చు.

గొర్రె దూరమైనా గుంపు దూరం కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ ఏటా జనవరిలో ఆరంభమై దాదాపు నెలన్నర సాగుతుంది. అటువంటి జనసమ్మర్దంలో చేతి పట్టు విడిపోవడం, ముఖాల కోసం పైకి చూడడం, మైకులో పేరు వినడం ఈ ప్రాంతపు పిల్లలు ఊహించగల అనుభవాలు. 1907 నాటి నాంపల్లి రైల్వేస్టేషన్, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాతపుస్తకాల మధ్య సాగే జనం కూడా ఇటువంటివే. గుంపులో చేయి విడిపోయిన బిడ్డ తప్పు చేయలేదు. ఆ క్షణంలో తల్లి పడే ఆరాటం బిడ్డ ఆరాటం కంటె తక్కువ కాదు. ఉపమానం చెప్పేది ఆ ఆరాటాన్నే.

ఈ పోలికకు ఒక జాగ్రత్త అవసరం. నిజంగా విడిపోయిన బిడ్డకు భయం గుర్తుచేసి వదిలేయరాదు. ఉన్నచోటే నిలబడాలని, యూనిఫాంలోని పోలీసుకు చెప్పాలని, బాలల సహాయవాణి 1098 ఉందని అదే తరగతిలో నేర్పడం బోధకుడి బాధ్యత.

7. వాత్సల్యం - దేశీయ భావనలతో పోలిక:

తెలుగు శ్రోతకు ఈ ఉపమానం పూర్తిగా పరాయిది కాదు. ‘వాత్సల్యం’ అన్న పదం ‘వత్స’ శబ్దం నుంచి, అంటే దూడపట్ల ఆవుకుండే ప్రేమ నుంచి వచ్చింది. శ్రీవైష్ణవం దీన్ని భగవద్గుణాల్లో ఒకటిగా పరిగణించింది. ఆ సంప్రదాయంలో మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాల చర్చ ప్రసిద్ధం. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లి నోట కరచుకొని తీసుకుపోతుంది. కాపరి భుజాల మీది గొర్రె రెండవ న్యాయానికి దగ్గర. అది నడిచి రాలేదు, మోసుకొని తెచ్చారు. రెండు మతాల రక్షణసిద్ధాంతాలూ ఒకటేనని దీని అర్థం కాదు. అర్హతకు ముందే అందే ప్రేమను చెప్పడానికి తెలుగు బోధకుడికి పరిచితమైన చిత్రాలున్నాయని మాత్రమే.

8. ప్రతిపాదిత బోధనాక్రమం:

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు, ఇరవై నిమిషాలకు మించకుండా, ఈ క్రమాన్ని అనుసరించవచ్చు.

ఒకటి, పేర్ల పిలుపు. హాజరు సంఖ్యతో కాక పేరుతో, ముఖం చూసి పిలవాలి. రాని బిడ్డ పేరు కూడా పలికి, ఈ రోజు ఫలానా పాప మన మధ్య లేదని చెప్పాలి. ఉపమానం ఇక్కడే మొదలవుతుంది.

రెండు, పది బొమ్మలతో కథ. వాక్యాలు చిన్నవిగా ఉండాలి: “కాపరి లెక్కపెట్టాడు. ఒకటి తక్కువైంది. ఆ ఒక్కటీ ఏదో ఆయనకు తెలుసు. దొరికేదాకా వెతికాడు. భుజాల మీద ఎక్కించుకొన్నాడు. అందరినీ పిలిచి సంతోషించాడు.” గొర్రెకు దుర్గుణం అంటగట్టకూడదు.

మూడు, మిగిలిన గొర్రెల ప్రశ్న. వాటిని ఎవరు చూసుకొన్నారని పిల్లలు అడగడం సహజం. అడిగిన బిడ్డ తనను మందలో ఉన్న గొర్రెగా భావించుకొని ఉండవచ్చు. తరగతిలో ఎప్పుడూ బుద్ధిగా ఉండి ఎవరి దృష్టికీ రాని పిల్లల ప్రశ్న ఇది. నూరు గొర్రెల మందకు ఒకరి కంటె ఎక్కువమంది కాపరులుంటారని కెన్నెత్ బెయిలీ మధ్యప్రాచ్య గ్రామీణ జీవితం ఆధారంగా వివరించాడు. తెలంగాణ కాపరులు కూడా వలసకాలంలో కలిసికట్టుగానే మందలు తోలుతారు. ‘వాటి దగ్గర ఇంకొక కాపరి ఉండి ఉంటాడు, వాటిలో ఏది కనబడకపోయినా ఆయన అలాగే వెతికేవాడు’ అన్న జవాబు బిడ్డకు చాలు.

నాలుగు, మౌనం, ఆట. బొమ్మలను పిల్లలకు అప్పగించి, ఎవరికి తోచినట్టు వారు కథను మళ్లీ నడుపుకోనివ్వాలి. నీతివాక్యం చెప్పనక్కరలేదు.

ఐదు, బహుమతుల పునరాలోచన. హాజరుకూ, కంఠత వాక్యాలకూ ఇచ్చే బహుమతులు ఉత్సాహం కలిగిస్తాయి. అయితే అర్హత చూడని ప్రేమను బోధించిన గంటలోనే అర్హతను బట్టి పంచితే, బిడ్డ గుర్తుంచుకొనేది రెండవదాన్నే. ఈ పాఠం రోజున వాటిని పక్కన పెట్టడం మేలు.

9. ఆక్షేపణలు - సమాధానాలు:

మారుమనస్సును వదిలేస్తే ఉపమానం సగమే చెప్పినట్టు కాదా అన్నది మొదటి ఆక్షేపణ. లూకా ముగింపులో ఆ మాట ఉన్నది నిజమే. కాని ఆ మాటను ఆయన ఉద్దేశించినది సణిగిన పెద్దలను. కథ లోపల గొర్రె చేసిన పని ఏమీ లేదు. దొరకడమే దాని వంతు. పశ్చాత్తాపభావం రూపొందే ఏడెనిమిదేళ్ల వయసులో లూకా పాఠాన్ని పూర్తిగా చెప్పవచ్చు. అంతకు ముందు మత్తయి సందర్భం, ముగింపు తగినవి. మత్తయి క్రియ గొర్రె దారితప్పడాన్నే చెప్పినా, దాని మీద నింద మోపదు.

రెండవది బహుమత తరగతికి సంబంధించినది. రాజ్యాంగంలోని 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో మతబోధకు హాజరు కావాలంటే విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుడి సమ్మతి ఉండాలి. కాబట్టి నీతిబోధ తరగతిలో ఈ కథను చెప్పేటప్పుడు ‘ఒక్కరు లేకపోయినా లోటే’ అన్న మానవీయ విలువ వరకు ఆగడం, విశ్వాసపరమైన అన్వయాన్ని సండేస్కూలుకు వదలడం ఉచితం.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలే విషయాలు ఇవి.

- తెలుగులో ‘తప్పిపోవు’ అనే క్రియ సహజమైనదే అయినా, ‘తప్పు’తో ఉన్న సంబంధం వల్ల శిశుశ్రోతకు దోషార్థాన్ని స్ఫురింపజేయవచ్చు. లూకా మూలంలో ఆరంభవాక్యపు కర్త పోగొట్టుకొన్న మనిషి.
- ‘కనబడలేదు’ అన్న వాడుక ఆ మూలదృష్టిని తెలుగులో నిలపగలదు. అనువాదాన్ని మార్చనవసరం లేదు. కథనాన్ని మార్చుకొంటే చాలు.
- ఆరేళ్లలోపు పిల్లలకు రక్షణ, పేరుపిలుపు ముందు, పశ్చాత్తాపం తరువాత అన్న వయోక్రమం పాటించదగినది.
- గొర్రె కంటె గుంపు, మంద కంటె మేళా ఆబిడ్స్, నాంపల్లి పిల్లలకు దగ్గరి అనుభవాలు.

తనను ఎవరో లెక్కపెట్టారనీ, తాను తక్కువైతే ఆ లెక్క పూర్తికాదనీ బిడ్డకు తెలియడమే ఈ పాఠం లక్ష్యం. ఆ సంగతిని బోధకుడు కథలో చెప్పడానికి ముందే, హాజరు పిలిచే తీరులో చూపగలగాలి.